చదువు మనకు అబ్బదన్న మాటను అబద్ధం చేసిన భాగ్యరెడ్డి వర్మ

దళితవాడల్లో చదువు గురించి కొన్ని మాటలు తరాలుగా తిరుగుతూనే ఉన్నాయి. చదువు మన ఇంటావంటా లేదన్నది ఒకటి. పుస్తకం పట్టినవాడు పారపట్టడు, రేపు ఇటూ కాకుండా అటూ కాకుండా పోతాడన్నది ఇంకొకటి. ఆడపిల్ల చదివితే చేతికి అందదని, వయసు దాటినవాళ్లకు అక్షరం రాదని, ఇంగ్లీషు రాకపోతే అది చదువే కాదని ఇంకొన్ని. ఈ మాటలు పుట్టింది వాడలో కాదు. ఊరు వీటిని వాడకు చెప్పింది. చెప్పీ చెప్పీ, చివరికి వాడే తన పిల్లలకు చెప్పుకునే స్థితికి తెచ్చింది.

పరిశోధన పని మీద నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు పండే ఊళ్లలో తిరిగినప్పుడు ఈ మాటలన్నీ మేము విన్నాం. పసుపు జూన్‌లో నాటితే జనవరి నుంచి మార్చి దాకా తవ్వుతారు. తవ్వడం, కొమ్ములు విరవడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టడం అన్నీ కూలీల చేతుల మీదుగా జరిగేవే. పదో తరగతి పరీక్షలొచ్చేదీ సరిగ్గా ఆ మార్చి నెలలోనే. కూలి ఇల్లు గడవాలంటే ఇంట్లో ఉన్న ప్రతి చెయ్యీ చేలో ఉండాలి. అందుకే చదువు గురించిన భయం ఇక్కడ మూఢనమ్మకంలా కాదు, లెక్కలా కనిపిస్తుంది. ఈ రోజు కూలి పోతుందన్నది కళ్లముందున్న నిజం. పదేళ్ల తర్వాత చదువు ఏం ఇస్తుందన్నది ఎవరూ చూడని సంగతి.

ఈ భయానికి నూరేళ్ల కిందటే ఒక మనిషి జవాబు చెప్పారు. ఆయనది ఇదే రాజ్యం, ఇదే నేల. ఆర్మూర్ అప్పుడు నిజాం ఏలుబడిలో ఉండేది. ఆ రాజ్యపు రాజధానిలో, పెద్దగా బడి చదువు లేని ఒక మాల యువకుడు బడులు పెట్టారు. ఆయన పేరు భాగ్యరెడ్డి వర్మ. ప్రతి ఏడాదీ మే 22న ఆయన ఫొటోకు దండ వేస్తున్నాం. ఆయన బతుకును మాత్రం మన పిల్లలకు సరిగా చెప్పడం లేదని మాకు అనిపిస్తుంది.

పుట్టిన ఇల్లు, పుట్టిన రాజ్యం

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో పుట్టారు. తల్లి రంగమాంబ, తండ్రి మాదరి వెంకయ్య. ఇంట్లో పెట్టిన పేరు భాగయ్య.

అప్పటి నిజాం రాజ్యంలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో అంటరాని కులాలవాళ్లను వెతికినా దొరకడం కష్టం. రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే జనమే ఎక్కువ. కచేరీల భాష మాత్రం ఉర్దూ. పల్లెల్లో మాల మాదిగలకు వెట్టి తప్పేది కాదు. దొర బండి వెనుక పరుగెత్తాలి, పటేల్ కబురు పొరుగూరికి మోయాలి, అధికారి వస్తే కట్టెలు కొట్టాలి, చచ్చిన గొడ్డును ఎత్తాలి. వీటికి కూలి ఉండేది కాదు, కాదనే హక్కూ ఉండేది కాదు.

వెట్టి ఎందుకు నడిచిందో ఆలోచిస్తే చదువును ఎందుకు దూరం పెట్టారో అర్థమవుతుంది. తన పేర ఎంత భూమి రాసి ఉందో, తీసుకున్న అప్పు మీద ఎంత మిత్తి ఎక్కిందో, సర్కారు హుకుంలో ఏముందో చదవగలిగినవాడితో వెట్టి చేయించుకోవడం కష్టం. కాబట్టి చదువు మాలమాదిగలకు అబ్బదన్నది వాళ్ల తెలివి గురించి కట్టిన అంచనా కాదు. ఊరి పని ఆగకుండా ఉండేందుకు వేసిన కంచె.

బంగళాలో దొరికిన అక్షరం

భాగయ్య చిన్న వయసులోనే బతుకుదెరువు కోసం బారిస్టర్ డాస్ సాంటోస్ ఇంట్లో పనికి కుదిరారు. ఆయన రోమన్ కాథలిక్ క్రైస్తవుడు. పని చేసే కుర్రవాడికి చదువు మీద ఉన్న ఆసక్తిని గమనించి రాయడం, చదవడం నేర్చుకోవడానికి ప్రోత్సహించారు. ఆ ఇంట్లో పుస్తకాలు ఉండేవి, పత్రికలు వచ్చేవి, లోకం గురించిన మాటలు నడిచేవి. ఊడ్చే చేతికే అక్షరం అందింది. ఆ తర్వాత ఆయన నిజాం ప్రభుత్వ విద్యుత్ శాఖలో ఉద్యోగం కూడా చేశారు.

ఇక్కడ రెండు విషయాలు పట్టించుకోవాలి. భాగ్యరెడ్డి వర్మకు డిగ్రీ లేదు. బడిలో వరసగా తరగతులు పాసైన చరిత్ర లేదు. అయినా తర్వాతి రోజుల్లో వేలమంది ముందు గంటల తరబడి ఉపన్యసించారు, పత్రిక నడిపారు, ప్రభుత్వానికి వినతిపత్రాలు రాశారు. అక్షరం ఏ వయసులో, ఏ చోట దొరికినా అది అక్షరమే అన్నదానికి ఆయనే సాక్ష్యం.

రెండోది, ఆయనకు దొరికింది ఒక అవకాశం. తెలివి అంతకుముందే ఉంది. అదే వాడలో అదే తెలివి ఉన్న ఎంతోమంది పిల్లలకు ఆ బంగళా తలుపు దొరకలేదు. ఒక్కడికి దయతో దొరికినదాన్ని అందరికీ హక్కుగా దొరికేలా చేయడం ఎలా అన్నదే ఆ తర్వాత ఆయన బతుకంతా నడిపించిన ప్రశ్న అని మేము అనుకుంటున్నాం.

పేరు మారింది, చూపు మారింది

వాళ్ల కుటుంబానికి ఒక శైవ గురువు ఉండేవారు. భాగయ్యను భాగ్యరెడ్డిగా మార్చింది ఆయనే. రెడ్డి అన్న మాట రేడు నుంచి వచ్చిందని, రేడు అంటే ఏలినవాడని, ఆర్యులు రాకముందు ఈ నేలను ఏలింది ఇప్పుడు అంటరానివాళ్లుగా ఉన్నవాళ్లేనని ఆ గురువు వివరణ. ఆ తర్వాత 1913లో ఆయన సేవను మెచ్చి ఆర్యసమాజం వర్మ అనే బిరుదు ఇచ్చింది. అలా మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ అయ్యారు.

ఈ పేరు చూసి ఇప్పటికీ కొందరు ఆయన కులం గురించి పొరబడతారు. ఇంకొందరు అగ్రకులాల పేరు అరువు తెచ్చుకున్నారని విమర్శిస్తారు. ఆ విమర్శను మేము కొట్టిపారేయం. కానీ ఆ రోజుల్లో పేరు ఎంత పెద్ద సంగతో మరువకూడదు. మాల మాదిగ పిల్లలకు మంచి పేరు పెట్టుకుంటే ఊరు ఒప్పుకోని కాలం అది. పేరు కురచ చేసి, తోక తగిలించి పిలవడమే ఆచారం. బడిలో చేరే పిల్లవాడు మొదట దిద్దేది తన పేరునే. ఆ పేరే తిట్టులా ఉంటే పలక మీద దాన్ని దిద్దడానికి చెయ్యి ఎలా ఆడుతుంది? మేము ఎవరికీ తక్కువ కాదు, మాకూ చరిత్ర ఉంది అన్న నమ్మకం కలిగాకే చదువు తలకెక్కుతుంది. ఆదిహిందువు అన్న మాటతో భాగ్యరెడ్డి వర్మ తర్వాత చేసింది ఇదే. ఈ దేశపు మొదటి మనుషులం మనమే అని చెప్పి, తలొంచుకున్న జనం తల ఎత్తేలా చేశారు.

పలక కంటే ముందు హరికథ

1906లో ఆయన జగన్మిత్ర మండలి స్థాపించారు. అప్పటికి ఆయనకు 18 ఏళ్లు. ఆ మండలి మొదట చేసిన పని బడి పెట్టడం కాదు, హరికథలు, భజనలు, ఉపన్యాసాలు ఏర్పాటు చేయడం. చదువు రాని జనానికి కరపత్రం పంచితే లాభం లేదని ఆయనకు తెలుసు. వాడకు అలవాటైన దారిలోనే వాడలోకి వెళ్లారు. రాత్రిపూట పని నుంచి వచ్చిన జనం కూర్చుని వినే కథలో తాగుడు గురించి, బాల్యవివాహాల గురించి, జంతుబలుల గురించి, పిల్లల చదువు గురించి చెప్పించారు.

ఇది ఇవ్వాళ బడిబాట కార్యక్రమాలు నడిపేవాళ్లు గమనించాల్సిన సంగతి. చదువు రానివాళ్లకు ఏమీ తెలియదన్న అపోహ చదువుకున్నవాళ్లలో ఎప్పుడూ ఉంటుంది. వాళ్లకు కథ తెలుసు, పాట తెలుసు, లెక్క తెలుసు, పంట తెలుసు. తెలియంది లిపి ఒక్కటే. పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, గుప్పిట్లో పట్టి తేమ ఎంతుందో చెప్పగల మనిషిని బుర్రలేనివాడనడం ఎంత తప్పో ఆర్మూర్ ప్రాంతంలో తిరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. భాగ్యరెడ్డి వర్మ జనాన్ని అజ్ఞానులుగా చూసి మొదలుపెట్టలేదు, వాళ్లకు వచ్చిన దాంతో మొదలుపెట్టారు.

1911లో జగన్మిత్ర మండలి మన్యసంఘం అయింది. మన్య అంటే మాన్యులు, గౌరవించదగినవాళ్లు అన్న అర్థంలో. 1920ల మొదట్లో అదే సంస్థ ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్‌గా మారింది. పేరు మారినప్పుడల్లా పని కూడా విస్తరించింది.

ఇసామియా బజార్ బడి

1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో ఆయన దళిత పిల్లలకు బడి తెరిచారు. లింగంపల్లిలోనూ బడి నడిచింది. అక్కడి నుంచి ఒక్కో వాడకు విస్తరిస్తూ పోయారు. కొన్నేళ్లలోనే బడుల సంఖ్య 25 దాటింది, పిల్లల సంఖ్య 2,000 దాటింది. 1930లలో నిజాం ప్రభుత్వం ఈ బడులను తన చేతిలోకి తీసుకుని నడపడం మొదలుపెట్టింది. అంటే దళిత పిల్లల చదువు దానం కాదు, ప్రభుత్వ బాధ్యత అని ఒప్పుకోక తప్పలేదు.

ఈ అంకెలను ఇప్పటి లెక్కలతో చూడొద్దు. రాజ్యం ఇవ్వని, దేవుడి పేరుతో కాదన్న, ఊరు ఒప్పుకోని పని అది. ఒక్కో బడికి చోటు కావాలి. అంటరాని పిల్లలు కూర్చునే బడికి ఇల్లు కిరాయికి ఎవరు ఇస్తారు? పాఠం చెప్పేవాళ్లు కావాలి. ఆ పిల్లలను తాకి అక్షరం దిద్దించడానికి ఎవరు వస్తారు? అన్నిటికంటే ముందు పిల్లలు రావాలి. గొడ్లు కాసే పిల్లవాణ్ని, చెల్లెల్ని ఎత్తుకుని తిరిగే పిల్లను బడికి పంపమని తల్లిదండ్రులను ఒప్పించాలి.

ఆయన బడుల్లో చదువు తెలుగులో సాగేది. ఇది చిన్న విషయం కాదు. నిజాం రాజ్యంలో పై చదువు, కొలువు అన్నీ ఉర్దూ చుట్టూ తిరిగేవి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే పాఠం చెప్పింది. తెలుగు చదువు కోసం తెలుగువాళ్లు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్న కాలం. అయితే ఆ గ్రంథాలయ ఉద్యమాన్ని నడిపినవాళ్లు ప్రధానంగా చదువుకున్న పై కులాలవాళ్లు. అదే కాలంలో వాడలో తెలుగు బడి నడిపిన భాగ్యరెడ్డి వర్మ పేరు తెలంగాణ తెలుగు వికాస చరిత్రలో చాలాకాలం పక్కన పడి ఉంది. ఇంట్లో మాట్లాడే మాటలోనే అక్షరం నేర్పితే పిల్లలకు బెదురు పోతుందన్న సంగతి ఆయన బడులు ఆచరణలో చూపించాయి. ఇవ్వాళ ఇంగ్లీషు మనకు కావాల్సిందే, దాన్ని ఎవరూ కాదనకూడదు. కానీ ఇంగ్లీషు రానంత మాత్రాన పిల్లవాడు మొద్దు అనుకునే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఆ బడుల కథ చెప్పాల్సి ఉంది.

గుడి మూసుకుంది, సభ ఆగలేదు

1917 నవంబర్‌లో బెజవాడలో ఆంధ్రదేశ పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షుడిగా హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. సభ జరిగే రోజుల్లో అంటరానివాళ్లు గుడిలోకి వస్తారేమో అన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు మూశారని చరిత్ర చెబుతోంది.

ఆ వేదిక మీద ఆయన మొదట పట్టుకున్నది సభ పేరునే. పంచములు అన్న మాట పురాణాల్లో లేదని, చరిత్రలో లేదని, ఈ జనం ఈ నేలకు ఆదివాసులని, కాబట్టి ఆదిఆంధ్రులు అనాలని వాదించారు. సభ ఒప్పుకుంది. పంచమ సభగా మొదలైంది ఆదిఆంధ్ర సభగా ముగిసింది. తర్వాతి ఏళ్లలో కోస్తా జిల్లాల్లో ఆదిఆంధ్ర ఉద్యమం ఆ పేరుతోనే సాగింది. ఎన్నో ఆదిఆంధ్ర సభలకు ఆయనే అధ్యక్షత వహించారు. ఆ సభ అడిగినవాటిలో దళితులకు బడులు, బావులు, స్థానిక సంస్థల్లో చోటు ఉన్నాయి.

బడి, బావి అనే రెండు మాటలు ఎందుకు పక్కపక్కన వచ్చాయో ఆలోచించాలి. బడికి వెళ్లిన పిల్లవాడికి దాహం వేస్తుంది. కుండ ముట్టుకోనివ్వని బడిలో అక్షరం ఎంతసేపు నిలుస్తుంది? చదువు మానేసిన పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదని రాసుకోవడం సులువు. ఆ పిల్లలను మాన్పించింది పాఠమా, పక్కవాడి చూపా అని అడగడమే కష్టం. పిల్లల భయం పుస్తకం గురించి కాదని, బడిలో జరిగే అవమానం గురించని నూరేళ్ల కిందటి సభ గుర్తించింది.

ఆడపిల్లల గురించి

జోగిని, బసివి, మురళి అన్న పేర్లతో దళిత ఆడపిల్లలను దేవుడికి వదిలే దురాచారం మీద భాగ్యరెడ్డి వర్మ గట్టిగా పోరాడారు. ఈ సంగతి నిజామాబాద్ జిల్లా వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఎందుకంటే జోగిని వ్యవస్థ బలంగా పాతుకున్న జిల్లాల్లో ఇది ఒకటి. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసింది 1988లో, అంటే ఆయన చనిపోయిన దాదాపు 50 ఏళ్లకు. హేమలతా లవణం వంటివాళ్లు ఈ జిల్లాలో జోగినుల మధ్య, వాళ్ల పిల్లల మధ్య ఏళ్ల తరబడి పని చేయాల్సి వచ్చింది.

జోగినికి, బడికి ఉన్న సంబంధాన్ని భాగ్యరెడ్డి వర్మ చూశారు. దేవుడి పేరుతో ఊరికి వదిలిన పిల్ల ఊరి మగవాళ్ల సొత్తు. ఆమెకు పుట్టిన పిల్లలకు తండ్రి పేరు ఉండదు. మొన్నమొన్నటి దాకా బడి రిజిస్టర్‌లో తండ్రి పేరు రాయాల్సిన గడి ఆ పిల్లలను ఆపేది. ఆడపిల్ల చదివితే చెడిపోతుందని చెప్పే ఊరే ఆడపిల్లను చెడగొట్టే ఆచారాన్ని పండగలా జరిపింది. చదువు వల్ల ఆడపిల్ల చేతికి అందదన్నది నిజమే. అయితే తల్లిదండ్రుల చేతికి కాదు, వాడుకోవాలని చూసేవాళ్ల చేతికి అందదు.

ఇదే జిల్లా పాకాలలో పుట్టిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. ఆడపిల్లను హాస్టల్‌కు పంపితే ఏమవుతుందో అన్న భయానికి జిల్లాలోనే దొరికే జవాబు అది. అందరూ కొండలు ఎక్కనక్కరలేదు. హాస్టల్ పెట్టె సర్దుకుని బస్సెక్కడానికి ఇంట్లో ఒప్పుకుంటే చాలు.

వాడను కూడా నిలదీశారు

భాగ్యరెడ్డి వర్మ ఊరిని మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేదు. పెళ్లిళ్లకు, దినాలకు అప్పు చేసి ఖర్చుపెట్టడాన్ని, తాగుడును, చిన్న వయసు పెళ్లిళ్లను వాడలోనే ప్రశ్నించారు. కోర్టుల చుట్టూ తిరిగే స్తోమత లేని జనం తగాదాలు తమలో తామే తీర్చుకునేలా ఆది హిందూ పంచాయతీలు ఏర్పాటు చేశారు. ఒక బిడ్డ పెళ్లికి చేసిన అప్పు ఇంకో బిడ్డ బడి మాన్పిస్తుందన్నది ఎవరికీ తెలియని రహస్యం కాదు. దాన్ని వాడ నడుమ నిలబడి చెప్పడానికే ధైర్యం కావాలి.

బౌద్ధం వైపు కూడా ఆయన తొందరగానే చూశారు. 1913లోనే హైదరాబాద్‌లో బుద్ధ జయంతి జరిపారు. అంబేడ్కర్ నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించింది 1956లో. 1930లో రౌండ్ టేబుల్ సమావేశాల ముందు, అణగారిన కులాల తరఫున మాట్లాడాల్సింది అంబేడ్కరే అన్న వైపు ఆయన నిలబడ్డారు. 1931 జనాభా లెక్కల్లో తమవాళ్లను ఆదిహిందువులుగా నమోదు చేయాలని పట్టుబట్టి సాధించారు. అదే ఏడాది భాగ్యనగర్ అనే పత్రిక మొదలుపెట్టారు. 1937లో దాని పేరు ఆదిహిందూగా మారింది. బడి పెట్టినవాడికి పత్రిక ఎందుకని అడగొచ్చు. చదవడం నేర్చినవాడికి చదవడానికి తన గురించి రాసినది ఏదైనా ఉండాలి కదా.

ఆయన చేయలేనివి

మహనీయుల జీవితాలను మచ్చ లేకుండా రాయడం మాకు ఇష్టం లేదు. హైదరాబాద్ ఆదిహిందూ ఉద్యమంలో నాయకత్వం ఎక్కువగా మాలల చేతిలో ఉంది. తమకు తగిన చోటు దక్కలేదని మాదిగలు అరుంధతీయుల పేరుతో వేరే సంఘాలు పెట్టుకున్నారు. ఆ చీలికకు కారణాలు ఇప్పటికీ మన మధ్య ఉన్నాయి. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు వంటి సమకాలీన నాయకులు కూడా తమ సొంత సంస్థలతో వేరు దారుల్లో నడిచారు. పైగా ఆయన బడులు ప్రధానంగా నగరంలో, దాని చుట్టూ ఉండేవి. వెట్టి మరింత గట్టిగా నడిచిన జిల్లాల పల్లెలకు ఆ బడి చేరడానికి ఇంకో తరం పట్టింది.

ఇది ఆయన్ని చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. ఒక్క మనిషి బతుకులో ఎంత అవుతుందో, ఎంత మిగిలిపోతుందో తెలిస్తేనే మిగిలింది ఎవరి పనో తెలుస్తుంది.

ఆయన తర్వాత

1939 ఫిబ్రవరి 18న భాగ్యరెడ్డి వర్మ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు కూడా నిండలేదు. ఆయన వేసిన దారిలో తర్వాతివాళ్లు నడిచారు. బి.ఎస్. వెంకట్రావు నిజాం ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. అణగారిన కులాల పిల్లల చదువుకు కోటి రూపాయల నిధి ఏర్పడటం వెనుక ఆ తరం నాయకుల ఒత్తిడి ఉంది. 1950లో అంబేడ్కర్ తన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ తరఫున ఔరంగాబాద్‌లో కాలేజీ ప్రారంభించారు. ఔరంగాబాద్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. హైదరాబాద్ చాదర్‌ఘాట్‌లోని ఆది హిందూ భవన్ ఆయన పనికి గుర్తుగా నిలిచింది.

పసుపు ఊళ్లకు ఆయనతో ఏం పని

చదివినవాళ్లకు మాత్రం ఉద్యోగాలు ఏవని ఆర్మూర్ వాడల్లో యువకులు మమ్మల్ని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. డిగ్రీ చేతపట్టుకుని గల్ఫ్ వీసా కోసం అప్పు చేస్తున్నవాళ్లు ఆ జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చదివితే కొలువు వస్తుందని ఎవరైనా ఒట్టేసి చెబితే అది కూడా ఒక అపోహే.

కానీ భాగ్యరెడ్డి వర్మ బడులు కొలువుల కోసం పుట్టలేదు. అప్పుడు ఆ పిల్లలకు కొలువిచ్చేవాళ్లే లేరు. తన పేరు తాను రాసుకోవడానికి, కాగితంలో ఏముందో తాను తెలుసుకోవడానికి, ఎదుటివాడు చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి పుట్టాయి. ఆ అవసరం ఇప్పటికీ తీరలేదు. మార్కెట్ యార్డులో కాంటా మీద పడిన తూకం ఎంత, తరుగు కింద ఎంత కోశారు, హమాలీ ఎంత, తక్‌పట్టీలో రాసిన అంకె ఎంత అని చూసుకోవడానికి చదువు కావాలి. కౌలుకు తీసుకున్న ఎకరం కాగితం, ఉపాధి హామీ పనిదినాల లెక్క, గల్ఫ్ ఏజెంటు సంతకం పెట్టమన్న ఒప్పందం, పిల్ల కుల ధ్రువపత్రం, పోలీస్ స్టేషన్‌లో రాసిన ఫిర్యాదు, వీటన్నిటి దగ్గరా చదువు లేనివాడు ఇంకొకరి నోటి మీద ఆధారపడాలి. ఆ ఇంకొకరు ఎవరన్నదే మన చరిత్ర అంతా.

పిల్లలను బడి మాన్పించే తల్లిదండ్రులను తప్పుపట్టి లాభం లేదు. కూలి పోతుందన్న వాళ్ల లెక్క తప్పు కాదు, సగమే వేసిన లెక్క. మిగతా సగం వేయాల్సింది ప్రభుత్వం, బడి, చదువుకున్న మనం. తవ్వకాల మూడు నెలలు పిల్లల హాజరు మీద ప్రత్యేక శ్రద్ధ, పరీక్షల ముందు వాడలోనే సాయంత్రం చదువు, వలసపోయే కుటుంబాల పిల్లలకు హాస్టల్ సీటు, పెద్దలకు రాత్రి బడి, ఇవేవీ కొత్త కోరికలు కావు. కరెంటు లేని రోజుల్లో, సర్కారు సాయం లేని రోజుల్లో, 22 ఏళ్ల యువకుడు ఇసామియా బజార్‌లో మొదలుపెట్టిన పనే.

వచ్చే మే 22న దండ వేసే చోట ఒక పలక కూడా పెడదాం. ఆ వాడలో బడి మానేసిన పిల్లలు ఎంతమంది, ఎందుకు మానేశారు, జూన్‌లో వాళ్లను మళ్లీ చేర్పించే పూచీ ఎవరిది అని పేర్లతో సహా రాద్దాం. భాగ్యరెడ్డి వర్మను తలుచుకోవడానికి అంతకంటే తగిన పద్ధతి మాకు తోచడం లేదు.